విల్సన్ పలాసియోస్: లా సెయిబా నుంచి లండన్ దాకా

అందరికీ నమస్కారం. వరల్డ్ కప్ ఆడిన ఎవరైనా ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మెస్సీయో, మారడోనానో అంటానని ఎదురుచూసి ఉంటారు. నేను విల్సన్ పలాసియోస్ అన్నాను. ఫోన్‌లో అవతల నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఎవరండీ ఆయన?" అన్నారు. (నవ్వులు) ఆ ప్రశ్నకు జవాబే ఈ సాయంత్రం.

ఆయనది హోండురాస్. మధ్య అమెరికాలో ఉంది. ఎంత దేశమో ఊహకు అందాలంటే మన తెలంగాణను తలుచుకోండి. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు, హోండురాస్ 1,12,492. అచ్చంగా అంతే. జనం మాత్రం మన మూడో వంతు కూడా ఉండరు, కోటికి అటూ ఇటూ. అంత చిన్న దేశం మూడుసార్లు ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఆడింది: 1982లో, 2010లో, 2014లో. నూట నలభై కోట్ల మందిమి మనం ఎన్నిసార్లు ఆడామో అడక్కండి.

హోండురాస్, ఫుట్‌బాల్ అని రెండు మాటలు కలిపి వినగానే క్విజ్ పోటీలకు వెళ్లినవాళ్లకు ఒకటే గుర్తొస్తుంది. 1969 జూలైలో పొరుగునున్న ఎల్ సాల్వడార్‌తో జరిగిన వంద గంటల యుద్ధం. దానికి ఫుట్‌బాల్ యుద్ధమని పేరు పడిపోయింది. నిజానికి అది భూమి తగాదా. సుమారు మూడు లక్షల మంది సాల్వడార్ వాళ్లు బతుకుతెరువు కోసం సరిహద్దు దాటి హోండురాస్‌లో సాగు చేసుకుంటుండేవారు. భూసంస్కరణల పేరుతో వాళ్లను వెళ్లగొట్టడం మొదలైంది. వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు సరిగ్గా ఆ మంట మీద వచ్చి పడ్డాయి. రెండు వేల మందికి పైగా చనిపోతే నింద ఆట మీదికి పోయింది. ఈ సంగతి ఇక్కడే చెప్పేసి పక్కన పెడుతున్నాను. ఎందుకంటే హోండురాస్ ఫుట్‌బాల్ అంటే ఆ ఒక్క కథే అనుకుని చాలామంది పుస్తకం మూసేస్తారు.

హోండురాస్ వాళ్లు ఒక మాట అంటుంటారు. తెగుసిగల్పా ఆలోచిస్తుంది, సాన్ పెడ్రో సులా పనిచేస్తుంది, లా సెయిబా సంబరం చేసుకుంటుంది అని. మొదటిది రాజధాని, రెండోది ఫ్యాక్టరీల ఊరు, మూడోది కరీబియన్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం. లా సెయిబాను పెంచింది అరటిపండు. స్టాండర్డ్ ఫ్రూట్ అనే అమెరికా కంపెనీ అక్కడ తోటలు వేసి, రైలు పట్టాలు పరిచి, ఓడల్లో గెలలు తరలించింది. ఆ ఉత్తర తీరంలోనే గరీఫునా అనే జాతి వాళ్లు ఉంటారు. ఆఫ్రికా వాళ్లూ, కరీబియన్ దీవుల మూలవాసులూ కలిసి ఏర్పడిన జాతి. 1797లో బ్రిటిష్ వాళ్లు వాళ్లను సెయింట్ విన్సెంట్ దీవి నుంచి ఓడలెక్కించి హోండురాస్ తీరంలో రొఆటాన్ దీవిలో దించేశారు. జాతీయ జట్టు ఫొటో ఎప్పుడు తీసినా ఈ తీరం పిల్లలు అందులో తక్కువేం ఉండరు.

1984 జూలై 29న ఆ లా సెయిబాలో పుట్టాడు విల్సన్. ఇంట్లో మగపిల్లలందరూ ఫుట్‌బాల్ పిచ్చివాళ్లే. పెద్దన్న మిల్టన్ జాతీయ జట్టుకు ఆడాడు. ఇంకో అన్న జెర్రీ ఫార్వర్డ్. తమ్ముడు జానీ డిఫెండర్. వాళ్లందరికంటే చిన్నవాడు ఒకడున్నాడు, వాడి సంగతి తర్వాత చెబుతాను.

విల్సన్‌కు 14 ఏళ్లప్పుడు, 1998 అక్టోబరు చివర్లో, మిచ్ అనే హరికేన్ వచ్చింది. హోండురాస్‌లోనే దాదాపు ఏడు వేల మంది పోయారు. వంతెనలు కొట్టుకుపోయాయి, అరటితోటలు బురదలో కూరుకుపోయాయి. ఆ తర్వాత అమెరికాకు వలస పోయినవాళ్లు లెక్కకు మిక్కిలి. ఈమధ్య కాలంలో హోండురాస్ స్థూల దేశీయోత్పత్తిలో పావు వంతు పైన విదేశాల నుంచి వచ్చే డబ్బే. అంటే ఇంటికొకరు బయట ఉండి పంపితే అక్కడ పొయ్యి వెలుగుతుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ దేశంలో ఒక ఫుట్‌బాలర్ యూరప్ వెళ్లాడంటే అది ఆటలో ప్రమోషన్ ఒక్కటే కాదు. చుట్టాలూ, పక్కింటివాళ్లూ, ఊరూ అందరూ దాన్ని డబ్బు భాషలోనే చదువుతారు. మంచివాళ్లూ చదువుతారు, చెడ్డవాళ్లూ చదువుతారు.

హోండురాస్ లీగులో నాలుగు పెద్ద క్లబ్బులు. రాజధానిలో ఒలింపియా, మొతాగ్వా. సాన్ పెడ్రో సులాలో మరతోన్, రియల్ ఎస్పాన్యా. అన్నిటికంటే ఎక్కువ టైటిళ్లు ఒలింపియావి. 1912లో పెట్టిన క్లబ్బు అది. విల్సన్ పేరు తెచ్చుకున్నది అక్కడే. స్థానం డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్.

ఈ స్థానం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి, లేకపోతే ఆయన విలువ తెలియదు. గోల్ కొట్టేవాడి పేరు పేపర్లో వస్తుంది. గోల్ ఆపినవాడి పేరూ వస్తుంది. మధ్యలో నిలబడి అవతలి జట్టు దాడి అసలు మొదలు కాకుండా చూసేవాడిది మన పెళ్లింట్లో కొట్టుగది తాళంచెవులు పెట్టుకున్న మనిషి పరిస్థితి. ఒక్క ఫొటోలో కూడా ఉండడు. అరగంట కనబడకపోతే మాత్రం ఇల్లంతా గోల. విల్సన్ పని అది. పరిగెత్తి, అడ్డుపడి, బంతి లాక్కుని, పక్కన ఆట తెలిసినవాడికి అందించి, మళ్లీ పరిగెత్తడం. చూడ్డానికి మొరటుగా ఉంటుంది. కానీ అవతలివాడు బంతిని ఎటు తిప్పబోతున్నాడో అర సెకను ముందు పసిగట్టకపోతే అది జరగదు. అందరూ ఆయన కండ గురించి మాట్లాడారు. నాకు ఆయన కన్నే ఎక్కువ నచ్చుతుంది.

హోండురాస్ నుంచి యూరప్ వెళ్లినవాళ్లలో ఆయన మొదటివాడేం కాదు. 1960ల్లోనే హోసే ఎన్రికే కార్డోనా స్పెయిన్ వెళ్లి ఎల్చేకూ, అట్లెటికో మాడ్రిడ్‌కూ ఆడాడు. డేవిడ్ సుఆసో ఇటలీలో కాలియరీ తరఫున 2005-06 సీజన్లో అక్కడి పై లీగు సెరీ ఆలో 22 గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ తలుపు మాత్రం వేరు. అప్పటి నిబంధన ప్రకారం యూరోపియన్ యూనియన్ బయటి ఆటగాడికి వర్క్ పర్మిట్ రావాలంటే, గత రెండేళ్లలో తన దేశం ఆడిన పోటీ మ్యాచ్‌లలో 75 శాతం ఆడి ఉండాలి. ఆ దేశం ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ర్యాంకింగ్‌లో సగటున 70 లోపు ఉండాలి. బ్రెజిల్ వాడికి ర్యాంకుతో ఇబ్బంది లేదు. హోండురాస్ వాడికి మాత్రం తను ఒక్కడు బాగా ఆడితే సరిపోదు, దేశం మొత్తం గెలుస్తూ ఉండాలి. జట్టు రెండేళ్లు తడబడితే అతని వీసా కూడా తడబడుతుంది. మనవాళ్లు హెచ్‌వన్‌బీ లాటరీ గురించి పడే టెన్షన్ మీకు తెలుసు కదా, వీళ్లది ఇంకో రకం టెన్షన్.

2007లో విల్సన్ లండన్ క్లబ్బు ఆర్సెనల్‌లో ట్రయల్‌కు వెళ్లాడు. అక్కడి మేనేజర్ ఆర్సెన్ వెంగర్ తన జట్టులోకి తీసుకోలేదు కానీ, బర్మింగ్‌హామ్ సిటీ మేనేజర్ స్టీవ్ బ్రూస్‌కు ఈ కుర్రాణ్ని చూడమని చెప్పాడు. ఆ మాట మీద ఒలింపియా నుంచి లోన్ మీద, అంటే కొంతకాలానికి అప్పుగా, బర్మింగ్‌హామ్ వచ్చాడు. వయసు 23. ఇంగ్లిష్ రాదు. చలి అలవాటు లేదు. ఇవన్నీ ఎవరికైనా ఉండేవే, వాటి గురించి ఎక్కువ చెప్పను.

అక్టోబరు చివర్లో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. సాయుధులు లా సెయిబాలోని ఇంట్లో చొరబడి చిన్న తమ్ముణ్ని ఎత్తుకుపోయారు. టీనేజీ కుర్రాడు. అన్న ఇంగ్లండ్‌లో ఆడుతున్నాడంటే కోట్లు సంపాదిస్తున్నాడని ఎవరో లెక్క వేశారు. అప్పటికి విల్సన్ లోన్ మీద వచ్చిన, ఇంకా పర్మనెంట్ కాంట్రాక్టు కూడా లేని ఆటగాడు. దుండగులకు డబ్బు ముట్టజెప్పారని పత్రికలు రాశాయి. పిల్లాడు మాత్రం తిరిగి రాలేదు. నెలలు గడిచాయి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఒక క్రీడాకారుడి జీవితం చెప్పేటప్పుడు మనం సాధారణంగా రెండు అధ్యాయాలు చేస్తాం. ఒకటి సొంత ఊళ్లో, రెండోది పరదేశంలో. మొదటి దాంట్లో పేదరికం, రెండో దాంట్లో విజయం. విల్సన్ విషయంలో ఆ గీత గీయడానికి వీల్లేదు. ఇంగ్లండ్‌లో ఆయన వేసిన ప్రతి అడుగుకూ లా సెయిబాలో ఏదో ఒకటి కదిలింది. ఒకవైపు పైకి పోతున్నాడు, రెండోవైపు ఆ పైకి పోవడమే ఇంటికి ముప్పు అవుతోంది. నేను ఈ సాయంత్రం ఆయన్ను ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఆ దేశంలో అప్పుడు పరిస్థితి ఎలా ఉండేదో ఒక్క అంకె చెబుతాను. 2012లో ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం హోండురాస్‌లో లక్ష జనాభాకు దాదాపు 90 హత్యలు. యుద్ధం జరగని దేశాల్లో ప్రపంచంలోనే ఎక్కువ. మన దేశంలో ఆ లెక్క మూడు, నాలుగు. కొలంబియా నుంచి ఉత్తరానికి పోయే కొకైన్ దారి ఆ తీరం మీదుగానే. వీధుల్లో ముఠాలు. మామూలు కొట్టువాడు కూడా మామూలు కట్టాలి.

2007 నవంబరులో స్టీవ్ బ్రూస్ బర్మింగ్‌హామ్ వదిలి విగన్ అథ్లెటిక్‌కు మారాడు. 2008 జనవరిలో విల్సన్‌ను తన వెంట అక్కడికి తెచ్చుకున్నాడు. ధర సుమారు 10 లక్షల పౌండ్లు. విగన్ అంటే మాంచెస్టర్ దగ్గర పాత బొగ్గు గనుల ఊరు. రగ్బీకి పేరున్న ఊరు, ఫుట్‌బాల్‌కు కాదు. చిత్రమేమిటంటే ఆ ఊరు కొన్నేళ్ల పాటు హోండురాస్ వాళ్ల మకాం అయిపోయింది. అదే నెలలో ఒలింపియా నుంచే డిఫెండర్ మేనోర్ ఫిగెరోవా వచ్చాడు. మరుసటి ఏడాది హెండ్రీ థామస్ వచ్చాడు, ఆయనదీ లా సెయిబానే. ఫిగెరోవా 2009 డిసెంబరులో స్టోక్ మీద కొట్టిన గోల్ యూట్యూబ్‌లో చూడండి. సొంత సగంలో ఫ్రీకిక్ దొరికితే, గోల్‌కీపర్ ముందుకొచ్చి నిలబడ్డాడని గమనించి, అక్కడి నుంచే తన్నాడు. బంతి అందరి తలల మీదుగా పోయి నెట్‌లో పడింది. నా మటుకు ఆ దశాబ్దంలో అంత తుంటరి గోల్ ఇంకోటి లేదు.

విగన్‌లో విల్సన్ ఒక్క ఏడాది ఉన్నాడు. ఆ ఏడాదిలో ఇంగ్లండ్‌లో మధ్య మైదానం ఆడేవాళ్లందరికీ ఆయన పేరు తెలిసిపోయింది. అదే సమయంలో లండన్‌లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ కష్టాల్లో ఉంది. 2008-09 సీజన్ మొదలై ఎనిమిది మ్యాచ్‌లైనా రెండే పాయింట్లు, పట్టికలో అట్టడుగు. మేనేజర్‌ను తీసేసి హ్యారీ రెడ్‌నాప్‌ను తెచ్చారు. ఆయన జనవరిలో విల్సన్‌ను కొన్నాడు. ధర సుమారు 1 కోటి 20 లక్షల పౌండ్లు, అప్పటి మారకంలో దాదాపు 80 కోట్ల రూపాయలు. ఏడాది కిందటి ధరకు పన్నెండు రెట్లు.

ఆ డబ్బు ఎవరికి పోయింది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఫిఫాకు ఒక నిబంధన ఉంది. ఆటగాణ్ని ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బు కొన్నప్పుడు, ఆ సొమ్ములో 5 శాతం తీసి అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. పేద దేశాల క్లబ్బులకు అదొక ఆసరా. కానీ విగన్ నుంచి టాటెన్‌హామ్‌కు వెళ్లడం ఇంగ్లండ్ లోపలి వ్యవహారం. అప్పటి నిబంధన దేశం లోపలి అమ్మకాలకు వర్తించదు. కాబట్టి అమ్మేటప్పుడే ఒప్పందంలో వేరే షరతు రాసుకుని ఉంటే తప్ప, హోండురాస్‌లో అతన్ని తయారుచేసిన క్లబ్బుకు ఆ 5 శాతం కింద పైసా రావలసిన అవసరం లేదు. మొదటి 10 లక్షల పౌండ్ల మీద మాత్రం లెక్క ఉంది. పన్నెండు రెట్లు పెరిగిన లాభమంతా గనుల ఊరి క్లబ్బుదే. ఈ లోపాన్ని ఫిఫా 2020 జూలైలో సరిచేసింది. దేశం లోపలి అమ్మకమైనా, ఆట నేర్పిన క్లబ్బు వేరే దేశంలో ఉంటే వాటా ఇవ్వాలని మార్చారు. విల్సన్ తరం వాళ్లకు అది ఆలస్యం.

రెడ్‌నాప్ లెక్క తప్పలేదు. టాటెన్‌హామ్ ఆ సీజన్‌ను ఎనిమిదో స్థానంలో ముగించింది. కానీ సీజన్ ముగియకముందే, 2009 మేలో, లా సెయిబా ఇంటి నుంచి రెండో ఫోన్ లాంటి వార్త వచ్చింది. తమ్ముడి అవశేషాలు దొరికాయి. ఏడాదిన్నర ఎదురుచూపు అలా తీరింది. విల్సన్ ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఏడాదిన్నరా ఆయన ప్రతి శనివారం వేలమంది ముందు ఆడుతూనే ఉన్నాడని గుర్తుంచుకోండి. అతన్ని పన్నెండు రెట్ల ఆటగాణ్ని చేసిన కాలం సరిగ్గా అదే. బాధ అతన్ని గొప్పవాణ్ని చేసిందని రాసేవాళ్లు ఉన్నారు. నాకు ఆ రాత నచ్చదు. తమ్ముడు ఉన్నా అతను అంతే బాగా ఆడేవాడు.

2009 హోండురాస్‌కు మామూలు సంవత్సరం కాదు. జూన్ 28 తెల్లవారుజామున సైనికులు అధ్యక్షుడు మాన్యువల్ సెలాయాను నిద్రలేపి, ఒంటి మీది పైజామాతోనే విమానం ఎక్కించి కోస్టారికాలో దింపేశారు. దేశం రెండుగా చీలింది. కర్ఫ్యూలు. వేరే దేశాలు గుర్తించని ప్రభుత్వం. ఆ గందరగోళంలో వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు నడుస్తున్నాయి.

ఇక్కడ విల్సన్‌ను కాసేపు వదిలి కార్లోస్ పవోన్ దగ్గరికి వెళ్లాలి. వెళ్లకపోతే నాకు నిద్ర పట్టదు. (నవ్వులు) పవోన్ ఆ దేశానికి అత్యధిక గోల్స్ కొట్టినవాడు. మెక్సికో, స్పెయిన్, ఇటలీ, కొలంబియా, అమెరికా అన్నీ తిరిగి, బెక్‌హామ్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లో కూడా ఆడి వచ్చాడు. అక్టోబరు 9న 36 ఏళ్లు నిండాయి. మర్నాడు సాన్ పెడ్రో సులాలో అమెరికాతో మ్యాచ్. హోండురాస్ 2-3తో వెనకబడి ఉంది, ఇంకా కొద్ది నిమిషాలే మిగిలాయి, పెనాల్టీ దొరికింది. పవోన్ తన్నాడు. బంతి బారు మీదుగా పోయింది. దేశం మొత్తం అతన్ని తిట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత చివరి మ్యాచ్, ఎక్కడో తెలుసా? ఎల్ సాల్వడార్ రాజధానిలో. 1-0తో హోండురాస్ గెలిచింది, గోల్ కొట్టింది పవోనే. అయినా చాలదు. అదే రాత్రి వాషింగ్టన్‌లో అమెరికా మీద కోస్టారికా గెలిస్తే హోండురాస్ నేరుగా వెళ్లే అవకాశం పోయినట్టే. కోస్టారికా 2-1తో ముందుంది. ఇంజరీ టైమ్‌లో, 95వ నిమిషంలో, జొనాథన్ బోర్న్‌స్టైన్ అనే అమెరికన్ డిఫెండర్ తలతో గోల్ కొట్టి 2-2 చేశాడు. పాయింట్లు సమానం, గోల్ తేడా మీద హోండురాస్‌కు టికెట్. 28 ఏళ్ల తర్వాత వరల్డ్ కప్. చీలిపోయిన దేశంలో రెండు వర్గాలూ ఒకే రోడ్డు మీద ఎగిరాయి. మర్నాడు సెలవు ఇచ్చేశారు. తర్వాతి వారం మళ్లీ ఎవరి పక్షం వాళ్లదే అనుకోండి. ఆట దేశాన్ని కలిపేసిందని నేను చెప్పను.

2010 దక్షిణాఫ్రికా జట్టులో విల్సన్, జానీ ఉన్నారు. అక్కడికి వెళ్లాక హులియో సెసార్ దె లియోన్ గాయపడితే, అతని బదులు జెర్రీని పిలిపించారు. జెర్రీ అప్పుడు చైనాలో హాంగ్‌జౌ క్లబ్బుకు ఆడుతున్నాడు. అలా ఒకే వరల్డ్ కప్ జట్టులో ముగ్గురు సొంత అన్నదమ్ములు చేరారు. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. ఆటలో మాత్రం చెప్పుకోవడానికి పెద్దగా లేదు. చిలీ చేతిలో 0-1, స్పెయిన్ చేతిలో 0-2, స్విట్జర్లాండ్‌తో 0-0. ఒక్క గోల్ కొట్టకుండా ఇంటికి. సుఆసో గాయంతో వచ్చి మొదటి మ్యాచ్ ఆడలేకపోవడం కూడా ఒక దెబ్బ.

ఆ లోపు టాటెన్‌హామ్ 2009-10లో నాలుగో స్థానం సాధించి యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో మొదటిసారి అడుగుపెట్టింది. ఆ సీజన్ మొదట్లో హల్ సిటీ మీద 5-1తో గెలిచిన మ్యాచ్‌లో విల్సన్ కూడా ఒక గోల్ వేసుకున్నాడు, ఆయనకు అది అరుదే. ఆ ఏడాది లీగ్ మ్యాచ్‌లలో ఎక్కువ భాగం ఆడాడు. మోద్రిచ్, బేల్ లాంటివాళ్ల పేర్లు మనకు ఆ జట్టు నుంచే గుర్తుంటాయి. వాళ్లు ముందుకు పోయినప్పుడు వెనక కాపలా ఎవరిదో మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఆయన ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మ్యాచ్ ఆ ఛాంపియన్స్ లీగ్‌లోనే, 2011 ఫిబ్రవరి 15న మిలాన్‌లో సాన్ సీరో స్టేడియంలో జరిగింది. ఏసీ మిలాన్ ఆ ఏడాది ఇటలీ ఛాంపియన్ అయిన జట్టు. ఇబ్రహిమోవిచ్, రొబీన్యో, సీడోర్ఫ్, గట్టూసో ఉన్నారు. టాటెన్‌హామ్‌కు బేల్ గాయంతో లేడు, మోద్రిచ్ మొదటి నుంచీ ఆడలేదు. మధ్యలో విల్సన్, పక్కన బ్రెజిల్ కుర్రాడు సాండ్రో. ఇద్దరూ కలిసి మిలాన్ ఆటను గొంతు దగ్గర పట్టుకున్నారు. గట్టూసోకు ఎంత చిరాకొచ్చిందంటే, చివర్లో టాటెన్‌హామ్ కోచ్ జో జోర్డాన్ తలను తన తలతో గుద్దాడు. 80వ నిమిషంలో టాటెన్‌హామ్ ఆటగాడు లెనన్ సగం మైదానం పరిగెత్తి ఇచ్చిన బంతిని అదే జట్టు క్రౌచ్ గోల్ చేశాడు. 1-0. తిరుగు మ్యాచ్ 0-0 అయ్యి టాటెన్‌హామ్ క్వార్టర్‌ఫైనల్‌కు పోయింది, అక్కడ రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడింది.

అంతా బాగున్నప్పుడే జారుడు మొదలైంది. సాండ్రో కుదురుకున్నాక విల్సన్ స్థానం అతనికి పోయింది. 2011 ఆగస్టు 31న, బదిలీల గడువు చివరి రోజున, క్రౌచ్‌తో పాటు విల్సన్‌ను స్టోక్ సిటీ కొంది. నాలుగు సీజన్లు అక్కడ ఉన్నాడు. మోకాలి గాయాలూ, బెంచీ. ఎక్కువ భాగం అలాగే పోయింది. తమ్ముడి దుఃఖం వల్లే ఆట దెబ్బతిందని కొందరంటారు. ఇందాక గొప్పతనానికి ఆ ముడి వేయొద్దన్నాను. పతనానికీ వేయొద్దు. మోకాలు సహకరించలేదు, అతని చోటుకు ఇంకో మంచి ఆటగాడు వచ్చాడు. చాలామంది ఫుట్‌బాలర్లకు ఇరవై ఏడేళ్ల తర్వాత జరిగేదే ఇది.

2014 బ్రెజిల్ వరల్డ్ కప్‌లో హోండురాస్ మొదటి మ్యాచ్ పోర్టో అలెగ్రేలో ఫ్రాన్స్‌తో. సౌండ్ సిస్టమ్ పాడై రెండు దేశాల జాతీయగీతాలూ వినిపించలేదు. అక్కడి నుంచే అపశకునం. విల్సన్‌కూ, ఫ్రాన్స్ కుర్రాడు పాల్ పోగ్బాకూ రాసుకుంది, ఇద్దరికీ యెల్లో కార్డులు. హాఫ్‌టైమ్‌కు కాస్త ముందు పెనాల్టీ బాక్సులో విల్సన్ పోగ్బాను వెనక నుంచి తోశాడు. పెనాల్టీ, రెండో యెల్లో, రెడ్ కార్డు. బెంజెమా గోల్. రెండో సగం మొదట్లో హోండురాస్ గోల్‌కీపర్ వయ్యదారెస్ చేతికి తగిలి గీత దాటిన బంతిని యంత్రం చూసి గోలని తేల్చింది. వరల్డ్ కప్‌లో గోల్‌లైన్ టెక్నాలజీ తేల్చిన మొదటి గోల్ అదే. 0-3. నిజం చెప్పాలంటే ఆ తోపు అనవసరం. ముందే ఒక కార్డు ఉన్న అనుభవజ్ఞుడు ఆ చోట చేయకూడని పని. అతని ఆట మొత్తం ఎదుటివాడి మీద పడటం మీదే నడిచింది, ఆ రోజు అర సెకను ముందు చూసే కన్ను పనిచేయలేదు.

తర్వాతి మ్యాచ్‌లో ఈక్వడార్ చేతిలో 1-2తో ఓడినా, కార్లో కోస్ట్లీ గోల్ కొట్టాడు. 1982 తర్వాత వరల్డ్ కప్‌లో హోండురాస్ మొదటి గోల్, 32 ఏళ్లకు. ఆ 1982 జట్టులో కార్లో తండ్రి ఉన్నాడు.

ఇంకొక్క పేరు చెప్పకుండా ఈ కథ వదలలేను. ఆర్నల్డ్ పెరాల్టా. అతనిదీ లా సెయిబానే, స్థానం కూడా మిడ్‌ఫీల్డే. స్కాట్లాండ్‌లో రేంజర్స్‌కు ఆడి, తిరిగి ఒలింపియాలో చేరాడు. 2015 డిసెంబరులో సెలవులకు సొంత ఊరు వచ్చాడు. ఒక షాపింగ్ మాల్ పార్కింగ్‌లో కాల్చి చంపారు. 26 ఏళ్లు. విదేశాల నుంచి తిరిగి వచ్చినవాడికి కూడా ఆ ఊరు భద్రం కాదు. ఇంటికి దూరంగా ఉంటే ఇంట్లోవాళ్లకు ముప్పు, ఇంటికి వస్తే తనకు ముప్పు. మరి ఆ పిల్లలు ఆడటం మానేశారా అంటే, లేదు. లా సెయిబా నుంచి ఇంకా ఆటగాళ్లు వస్తూనే ఉన్నారు. బయటపడే దారుల్లో అదొకటి కదా.

స్టోక్ నుంచి 2015లో బయటికొచ్చిన విల్సన్, 2016లో అమెరికాలో మయామి ఎఫ్‌సీకి ఆడాడు. దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లు వందకు దగ్గరగా వచ్చాయి.

మీలో ఎవరికైనా ఓపికుంటే ఒక పని చేయండి. ఆ సాన్ సీరో మ్యాచ్ పూర్తి వీడియో దొరికితే, బంతిని చూడ్డం మానేసి విల్సన్ ఒక్కణ్నే చూడండి. మొదటి పది నిమిషాలు విసుగొస్తుంది. తర్వాత సీడోర్ఫ్ బంతి అందుకోబోయే ప్రతి చోటా ఇతను ముందే నిలబడి ఉండటం కనబడుతుంది. సరే, ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక వరుసలో బాబు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉన్నాడు, ముందు ఆయనకు మైకు ఇవ్వండి.